ప్లాన్ మీద '1:500' అని ఉంటే సరిపోతుందా? స్థలం కొనేముందు స్కేలు ఇలా చూసుకోండి

వాట్సాప్‌లో లేఅవుట్ ప్లాన్ వచ్చింది. మీకు నచ్చిన ప్లాటు 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. అంటే 1,800 చదరపు అడుగులు, 200 గజాలు. ముందు 30 అడుగుల రోడ్డు. ప్లాన్ కింద మూలన 'స్కేల్ 1:500' అని రాసి ఉంది. వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టి కొలిచారు. వెడల్పు 34 అడుగులే తేలింది. రోడ్డు 28న్నర అడుగులు. ఇప్పుడు ఎవరిని అనుమానించాలి?

నిరుడు మా బంధువు ఒకాయనకు అచ్చంగా ఇలాగే జరిగింది. ఆయన లెక్కలో ప్లాటు 34.2 అడుగులు × 47.5 అడుగులు. అంటే 180న్నర గజాలు. గజం 30 వేలు. 'పందొమ్మిదిన్నర గజాలు తగ్గించి దాదాపు ఆరు లక్షలు మింగేస్తున్నారు' అంటూ అమ్మేవాళ్లతో గొడవ పెట్టుకున్నారు. బయానా వెనక్కి ఇమ్మన్నారు. చివరికి టేపు పట్టుకుని స్థలం దగ్గరకు వెళ్తే సరిగ్గా 36, 50. తప్పు ప్రింటర్‌ది. 'ఫిట్ టు పేజ్' అనే ఆప్షన్ ఆన్‌లో ఉండటంతో అది బొమ్మను 95 శాతానికి కుదించింది. మూలనున్న '1:500' మాత్రం '1:500' గానే ఉంది.

దీనికి ఉల్టా కూడా జరగొచ్చు. నిజంగానే 34 అడుగులున్న ప్లాటు బొమ్మను 5 శాతం పెద్దది చేసి ప్రింట్ తీస్తే కాగితం మీద దాదాపు 36 అడుగులు వస్తుంది. అప్పుడు గొడవ పెట్టుకోవాల్సిన చోట సంతకం పెట్టేస్తాం.

అసలు 1:500 అంటే ఏమిటి?

కాగితం మీద 1 ఉంటే నేల మీద 500 ఉందని అర్థం. 1 ఏమిటన్నది మీ ఇష్టం. కాగితం మీద ఒక సెంటీమీటరు అయితే నేల మీద 500 సెంటీమీటర్లు, అంటే 5 మీటర్లు. ఒక అంగుళం అయితే 500 అంగుళాలు, అంటే 41 అడుగుల 8 అంగుళాలు. రెండు వైపులా ఒకే యూనిట్ వాడాలన్నదే నియమం. స్కూల్లో ఏడెనిమిది తరగతుల్లో దీన్ని నిష్పత్తి అని చెప్పారు. పరీక్ష రాశాక అక్కడే వదిలేశాం.

అంకెలు చూసి పొరబడే చోటు ఒకటుంది. 5,000 పెద్ద సంఖ్య కాబట్టి 1:5000 పెద్ద స్కేలు అనుకుంటాం. నిజానికి 1:500 పెద్ద స్కేలు. దాంట్లో మీ ఇల్లు పెద్దగా, వివరంగా కనిపిస్తుంది. 1:5000లో ఊరంతా కనిపిస్తుంది గానీ మీ ఇల్లు ఆవగింజంత. ఇళ్ల ప్లాన్లు సాధారణంగా 1:100 లేదా 1:50లో గీస్తారు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో బాగా వాడుకలో ఉన్నవి 1:50,000. ఆ పటం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు.

పాత గ్రామ పటాల మీద '16 అంగుళాలు = 1 మైలు' అని ఉంటుంది. మైలుకు 63,360 అంగుళాలు. 16తో భాగిస్తే 3,960. అంటే అది 1:3960 పటం. అమెరికాలో ఇల్లు కొంటున్న మనవాళ్లకు 'పావు అంగుళం = 1 అడుగు' అన్న ప్లాన్లు కనిపిస్తాయి. అడుగులో పావు అంగుళాలు 48 ఉంటాయి కాబట్టి అది 1:48. రాసే తీరు వేరు, లెక్క మాత్రం అదే.

5 శాతం తేడాకు 20 గజాలు ఎలా పోయాయి?

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పొడవులో 5 శాతం తగ్గితే విస్తీర్ణం కూడా 5 శాతమే, అంటే 10 గజాలే తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ పొడవు, వెడల్పు రెండూ తగ్గుతాయి. 0.95ను 0.95తో గుణిస్తే 0.9025. అంటే విస్తీర్ణం దాదాపు 10 శాతం పోతుంది. 200 గజాల్లో పందొమ్మిదిన్నర.

కొలత ఎన్ని రెట్లు మారితే విస్తీర్ణం అన్ని రెట్లకు వర్గం మారుతుంది. 1:500 ప్లాన్‌లో ఒక చదరపు సెంటీమీటరు అంటే 500 చదరపు సెంటీమీటర్లు కాదు. 500 × 500, అంటే 2,50,000 చదరపు సెంటీమీటర్లు. అదే 25 చదరపు మీటర్లు, సుమారు 30 గజాలు. కాబట్టి ప్లాన్ మీద ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కొలిస్తే గజాల్లో ఎంత తేడా వస్తుందో ఊహించుకోండి.

మీ ప్రింట్ అసలు స్కేలు కనుక్కోవడం ఎలా?

లేఅవుట్ ప్లాన్లను ఏ1 లాంటి పెద్ద కాగితాల సైజుకు తయారుచేస్తారు. మనం వాటిని ఏ3లోనో ఏ4లోనో ప్రింట్ తీస్తాం. ఏ1 నుంచి ఏ3కి వస్తే ప్రతి కొలత సరిగ్గా సగమవుతుంది. అంటే 1:500 ప్లాన్ మీ చేతిలో 1:1000 అయిపోయింది. ఏ3 నుంచి ఏ4కి వస్తే కొలతలు 71 శాతానికి తగ్గి, కాగితం వైశాల్యం సగమవుతుంది. జిరాక్స్ మెషీన్ మీద 71 శాతం, 141 శాతం అని బటన్లు ఉండేది ఇందుకే. షాపులో కుర్రాడు ఏది నొక్కాడో మనం చూడం.

అందుకే అంకెల్లో రాసిన స్కేలుతో పాటు ప్లాన్ మీద చిన్న పట్టీ లాంటి గీత ఉందేమో చూడండి. నలుపు తెలుపు గళ్లతో 0, 10, 20, 30 మీటర్లు అని ఉంటుంది. దాన్ని బార్ స్కేల్ అంటారు. బొమ్మ కుంచించుకుపోతే ఆ పట్టీ కూడా అంతే కుంచించుకుపోతుంది, కాబట్టి ఎన్ని జిరాక్సులు తీసినా అది నిజమే చెబుతుంది. ఒక కాగితపు ముక్క అంచు మీద ప్లాటు వెడల్పును పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని, ఆ అంచును పట్టీ పక్కన పెడితే చాలు. ఫోన్‌లో మ్యాప్ తెరిచినప్పుడు మూలన కనిపించే చిన్న గీత కూడా ఇదే. మీరు జూమ్ చేసిన ప్రతిసారీ అది మారుతుంది.

పట్టీ లేకపోతే? ప్లాన్ మీద అంకెల్లో రాసి ఉన్న ఒక పొడవైన కొలత తీసుకోండి. లేఅవుట్ ఒక పక్క 120 మీటర్లు అని ఉందనుకుందాం. మీ ప్రింట్ మీద ఆ గీత 22.8 సెంటీమీటర్లు వచ్చింది. 120 మీటర్లంటే 12,000 సెంటీమీటర్లు. 12,000ను 22.8తో భాగిస్తే 526. అంటే మీ చేతిలో ఉన్నది 1:500 కాదు, 1:526. పొట్టి గీతతో ఈ లెక్క చేయొద్దు. రెండు సెంటీమీటర్ల గీతలో ఒక మిల్లీమీటరు తప్పితే 5 శాతం తప్పినట్టే.

ఇదే పరీక్షను నిలువు గీతతోనూ చేయండి. అడ్డంగా ఒక స్కేలు, నిలువుగా ఇంకో స్కేలు వస్తే ఆ బొమ్మను ఎవరో సాగదీశారు, లేదా గోడకున్న ప్లాన్‌ను పక్క నుంచి ఫోటో తీశారు. అలాంటి దాని మీద ఏ స్కేలూ పనిచేయదు. పక్కన పడేసి అసలు ఫైలు పంపమనండి.

ఇంకో మాట. ప్లాన్‌లో అంకె వేసి ఉంటే ఆ అంకెకే విలువ. స్కేలు పెట్టి కొలిచిన దానికి కాదు. ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు డ్రాయింగ్ పక్కన నోట్స్‌లో ఈ సంగతే రాస్తుంటారు. స్కేలు పెట్టి కొలవడం అనుమానం తీర్చుకోవడానికే. 'నాట్ టు స్కేల్' అనో 'ఎన్‌టీఎస్' అనో ఉంటే ఆ పని కూడా చేయొద్దు. సేల్ డీడ్ వెనక జతచేసే హద్దుల స్కెచ్‌లు చాలావరకు స్కేలు లేకుండా చేత్తో గీసినవే. వాటిలో చూడాల్సింది నాలుగు వైపులా రాసిన అంకెలు, హద్దులు.

గ్రామ పటం మీద గీత లావు ఎంత?

ఈ ప్రశ్న చాలామందికి తట్టదు. గ్రామ పటం 1:5000లో ఉందనుకోండి. దానిమీద సర్వే నంబరు హద్దు గీత అర మిల్లీమీటరు లావు ఉంది. నేల మీద ఆ గీత వెడల్పు ఎంత? 5,000 × 0.5 మిల్లీమీటర్లు, అంటే 2,500 మిల్లీమీటర్లు. రెండున్నర మీటర్లు, ఎనిమిది అడుగుల పైమాటే. మీకూ పక్కవాళ్లకూ తగాదా ఉన్నది రెండడుగుల గోడ కోసమైతే, ఆ తగాదా మొత్తం గీత లావులోనే ఉంది. ఆ పటం దాన్ని తేల్చలేదు.

పాత గ్రామ పటాలను స్కాన్ చేసి ఉపగ్రహ చిత్రాల మీద అతికించి చూపించే యాప్‌లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. నీలి చుక్క మీ ప్లాటులో కనిపిస్తే సంతోషం, పక్క సర్వే నంబరులో కనిపిస్తే గుండెదడ. జూమ్ చేసేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది గానీ అందులోని సమాచారం పెరగదు. పైగా పాత కాగితం ఏళ్ల తరబడి తేమకు, ఎండకు సాగుతుంది, ముడుచుకుంటుంది. స్కాన్ చేసేటప్పుడు కొంత జరుగుతుంది. ఫోన్ జీపీఎస్ కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఊళ్లో ఆ సర్వే నంబరు ఏ దిక్కున ఉందో తెలుసుకోవడానికి ఈ యాప్‌లు బాగా పనికొస్తాయి. గోడ ఎక్కడ కట్టాలో తేల్చుకోవడానికి పనికిరావు.

చెరువుల దగ్గర స్థలం చూస్తున్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 2012 నాటి జీవో 168 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకుమించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. 2024లో హైడ్రా వచ్చాక హైదరాబాద్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులు వెతకడం మామూలైంది. 1:5000 మ్యాపులో 30 మీటర్లు అంటే 6 మిల్లీమీటర్లు. 9 మీటర్లు అంటే 1.8 మిల్లీమీటర్లు. 1:50,000 పటంలోనైతే 30 మీటర్ల బఫర్ 0.6 మిల్లీమీటరు, దాదాపు గీత లావంతే. 'మ్యాపులో మన ప్లాటు బఫర్‌కు బయటే ఉంది సార్' అని ఎవరైనా ఫోన్‌లో చూపిస్తే, ఆ మ్యాపు స్కేలు ఎంత, గీతకూ ప్లాటుకూ మధ్య ఎన్ని మిల్లీమీటర్లు ఉంది అని అడగండి. ఒకటి రెండు మిల్లీమీటర్లే అయితే నేల మీద సర్వే చేసిన కొలతలు లేకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

మరి హద్దు తేలేది దేనితో?

ఆంధ్ర ప్రాంతంలో సర్వే నంబరు వారీగా ఎఫ్‌ఎంబీ స్కెచ్ ఉంటుంది. మీభూమి పోర్టల్‌లో దీన్ని చూడొచ్చు. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో దీని బదులు ఎల్‌పీఎం, అంటే ల్యాండ్ పార్సిల్ మ్యాప్ వస్తోంది. తెలంగాణలో పాత రికార్డు టిప్పన్. గ్రామ పటానికీ వీటికీ తేడా ఏమిటంటే, వీటిలో బొమ్మతో పాటు ప్రతి గీత పొడవూ అంకెల్లో ఉంటుంది. అంకెకు స్కేలుతో పని లేదు. జిరాక్స్ తీసినా, వాట్సాప్‌లో పంపినా 250 అన్నది 250 గానే ఉంటుంది.

అయితే ఆ 250 ఏమిటి? పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. సర్వే గొలుసు 66 అడుగులు. దాన్ని వంద భాగాలు చేస్తే ఒక భాగం ఒక లింకు, అంటే 7.92 అంగుళాలు. వినడానికి వింతగా ఉన్నా విస్తీర్ణం లెక్కకు ఇంత సులువైన కొలత ఇంకోటి లేదు. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. రెండున్నర వేలు ఒక గుంట. 250 లింకులు × 400 లింకుల పొలం సరిగ్గా ఎకరం. అవే అంకెలను అడుగులనుకుని లెక్క వేస్తే దాదాపు 2.3 ఎకరాలు తేలుతుంది. కొత్త స్కెచ్‌లలో మీటర్లు ఉంటాయి. కాబట్టి అంకె చూసేముందు యూనిట్ చూడండి.

ఎఫ్‌ఎంబీలో పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలతలు వేస్తారు. ఒక్కో త్రిభుజానికి అడుగు గీతను ఎత్తుతో గుణించి సగం చేస్తే విస్తీర్ణం వస్తుంది. 400 లింకుల అడుగు గీత, 250 లింకుల ఎత్తు ఉంటే 50,000 చదరపు లింకులు, అంటే 50 సెంట్లు లేదా 20 గుంటలు. అన్నీ కలిపి పాస్‌బుక్‌లో ఉన్న విస్తీర్ణంతో పోల్చుకోండి. ఈ పనికి ఫోన్‌లోని క్యాలిక్యులేటర్, పావుగంట సమయం చాలు.

సైట్ ఆఫీసులో అద్దాల పెట్టె సంగతి?

అపార్ట్‌మెంట్ చూడటానికి వెళ్తే ముందు కనిపించేది లైట్లు వెలుగుతున్న నమూనా. చెట్లు, ఈత కొలను, బొమ్మ కార్లు. అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇది ఏ స్కేలులో చేశారు?'. 1:100 అంటే ఒక సెంటీమీటరుకు ఒక మీటరు. నాలుగు మీటర్ల కారు ఆ నమూనాలో 4 సెంటీమీటర్లు ఉండాలి. కారు 3 సెంటీమీటర్లే ఉంటే దాని పక్కనున్న రోడ్డు, పార్కింగ్ అన్నీ ఉన్నదానికన్నా విశాలంగా కనిపిస్తాయి. మోసం చేయాలనే అలా పెట్టారని కాదు, దొరికిన బొమ్మ కార్లు అతికించి ఉండొచ్చు. మన కన్ను మాత్రం కారును బట్టే రోడ్డును కొలుస్తుంది.

నమూనాలో ఘనపరిమాణం ఇంకా తికమక పెడుతుంది. పొడవు వంద రెట్లు తగ్గితే నీళ్లు పట్టే పరిమాణం వందకు ఘనం, అంటే పది లక్షల రెట్లు తగ్గుతుంది. 50,000 లీటర్ల ట్యాంకు 1:100 నమూనాలో 50 మిల్లీలీటర్లు. ఇరానీ కేఫ్‌లో వన్ బై టూ చాయ్ కన్నా తక్కువే.

బ్రోచర్‌లోని ఫ్లోర్ ప్లాన్‌కూ ఇదే పరీక్ష. గది వెడల్పు 12 అడుగులని రాసి, మంచం అందులో మూడో వంతే ఆక్రమించినట్టు గీశారంటే అది నాలుగడుగుల మంచం. మీ ఇంట్లో ఉన్నది ఆరడుగులదైతే ఆ గదిలో సగం దానికే పోతుంది. అల్మారా తలుపు తెరుచుకుంటుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

బ్రోచర్, నమూనా చూశాక అనుమతి పొందిన ప్లాన్ అడగండి. 2016 రెరా చట్టం సెక్షన్ 11 ప్రకారం మంజూరైన ప్లాన్లు, లేఅవుట్ ప్లాన్లను సైట్ దగ్గర ప్రదర్శించి కొనుగోలుదారులకు అందుబాటులో ఉంచాల్సిన బాధ్యత ప్రమోటర్‌దే. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. వీలైతే పీడీఎఫ్ తీసుకుని, ప్రింట్ ఇచ్చేటప్పుడు 'యాక్చువల్ సైజ్' లేదా '100 శాతం' పెట్టమని చెప్పండి.

హద్దు మీద నిజంగానే పేచీ ఉంటే ప్రింట్లు, యాప్‌లు వదిలేసి ప్రభుత్వ సర్వేయర్ చేత కొలిపించుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ దీన్ని ఎఫ్-లైన్ దరఖాస్తు అంటారు. సర్వేయర్ వచ్చిన రోజు పక్క స్థలాల వాళ్లు కూడా ఉండేలా చూసుకోండి.

ఖాళీ ప్లాటు దగ్గరకు మీరే టేపు పట్టుకుని వెళ్తే నాలుగు పక్కలు కొలిచి ఆగిపోవద్దు. 36, 50, 36, 50 అని సరిగ్గా వచ్చినా ప్లాటు ఒక వైపు ఒరిగి ఉండొచ్చు. అప్పుడు గజాలు తగ్గుతాయి. 10 డిగ్రీలు ఒరిగితే 200 గజాలు 197 అవుతాయి. అందుకే మూల నుంచి ఎదురు మూలకు రెండు వైపులా టేపు లాగండి. 36 × 50 ప్లాటుకు రెండూ 61 అడుగుల 7 అంగుళాలు రావాలి.